ఎర్రలింకు ఎందుకు ఎర్రగా ఉందో ముందు చూడండి

వికీపీడియాలో ఒక మాటను జంట చదరపు బ్రాకెట్లలో పెడితే అది లింకవుతుంది. ఆ పేరుతో పేజీ ఉంటే నీలంగా, లేకపోతే ఎర్రగా కనబడుతుంది. తెలుగు వికీపీడియాలో కొత్తగా చేరినవాళ్ళు ఉత్సాహంగా చేసే పని ఒకటుంది. వ్యాసంలో ఎర్రగా ఉన్న మాటలు కనబడగానే ఏదో తప్పు దొర్లిందనుకుని వాటి చుట్టూ ఉన్న చదరపు బ్రాకెట్లు పీకేస్తారు. దిద్దుబాటు సారాంశంలో "ఎర్రలింకులు తీసేశాను" అని రాసి వెళ్ళిపోతారు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఉల్టా. వాళ్ళు ఒక పేరా రాస్తే అందులో ఊరు, వాగు, బడి, సర్పంచి, ఆ సర్పంచి తమ్ముడు అందరికీ బ్రాకెట్లు పడతాయి. ఈ ఇద్దరి తర్వాత వచ్చి చక్కబెట్టేవాళ్ళు కొందరుంటారు. నేను ఆ బాపతు.

హనుమకొండలో డీటీపీ సెంటర్ నడుపుతాను. పగలంతా పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, కాలేజీ పిల్లల రికార్డులు. షాపు కట్టేశాక కాసేపు వికీపీడియా. పెద్ద వ్యాసాలు రాసే ఓపిక నాకు లేదు. ఎర్రలింకుల పని మాత్రం ఇష్టం, ఎందుకంటే అందులో సగానికి పైగా అక్షరాల పనే. రోజంతా అక్షరాలు దిద్దే మనిషికి అది కష్టం కాదు.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. లింకు ఎర్రగా ఉందంటే ఆ విషయం మీద వ్యాసం లేదని అర్థం కాదు. అచ్చంగా ఆ అక్షరాలతో, ఆ వరుసలో, ఆ ఖాళీలతో తెలుగు వికీలో పేజీ లేదని మాత్రమే అర్థం. వ్యాసం ఇంకో పేరుతో నిక్షేపంగా ఉండవచ్చు. కాబట్టి బ్రాకెట్లు తీసేయడం, కొత్త పేజీ మొదలుపెట్టడం రెండూ తర్వాతి సంగతి. మొదట ఎందుకు ఎర్రగా ఉందో కనుక్కోవాలి.

నొక్కండి, కానీ రాయకండి

ఎర్రలింకును నొక్కితే ఖాళీ దిద్దుబాటు పెట్టె తెరుచుకుంటుంది. అక్కడ ఏమీ రాయకుండా ఆగండి. పైన ఏదైనా గమనిక ఉందేమో చూడండి. ఇదివరకు ఆ పేరుతో పేజీ ఉండి, దాన్ని తొలగించి ఉంటే ఎవరు, ఎప్పుడు, ఎందుకు తొలగించారో అక్కడే కనబడుతుంది. చర్చ జరిగి తొలగించిన పేజీని అదే సమాచారంతో మళ్ళీ పెడితే మళ్ళీ పోతుంది.

తర్వాత పరికరాల మెనూలో "ఇక్కడికి లింకున్న పేజీలు" నొక్కండి. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ఇది లేని పేజీకి కూడా పనిచేస్తుంది. ఆ పేరుకు ఎన్ని వ్యాసాల నుంచి లింకులున్నాయో జాబితా వస్తుంది. ఒక్క వ్యాసం నుంచే ఉందంటే అది అక్షరదోషం కావడానికి ఎక్కువ అవకాశం. పది పన్నెండు చోట్ల నుంచి, వేరేవేరే వాడుకరులు రాసిన వ్యాసాల నుంచి ఉందంటే ఆ పేజీ అవసరం నిజంగానే ఉందన్నమాట. అది తెలిశాక పైనున్న వెతుకు పెట్టెలో పేరును రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. ఇంటిపేరుతో ఒకసారి, ఇంటిపేరు లేకుండా ఒకసారి, ఖాళీలు కలిపి ఒకసారి. "కాళోజీ నారాయణరావు", "కాళోజి నారాయణరావు", "కాళోజీ నారాయణ రావు" మనకు ఒకే మనిషి, సాఫ్ట్‌వేరుకు ముగ్గురు. మా ఊరి పేరే చూడండి. హనుమకొండ, హన్మకొండ, హనమకొండ మూడూ బోర్డుల మీద కనబడతాయి. ఏది రైటని వాదించుకోవడం చర్చాపేజీలో చేయవచ్చు. లింకు విషయంలో వ్యాసం ఏ పేరుతో ఉందో అదే లెక్క.

అక్షరాల దగ్గర తగిలే దెబ్బలు

మన భాషలో విభక్తులు మాటకు అతుక్కుని వస్తాయి. ఇంగ్లీషు వికీ చూసి అలవాటైనవాళ్ళకు ఈ తలనొప్పి అర్థం కాదు. వాక్యం రాసేటప్పుడు చేయి పోయినట్టు పోయి [[కృష్ణా నదికి]] అని బ్రాకెట్లు వేసేస్తారు. "కృష్ణా నదికి" అనే పేరుతో పేజీ ఎందుకుంటుంది? ఎర్రబడుతుంది. ఇక్కడ చేయాల్సింది ముగింపు బ్రాకెట్లను ఒక అక్షరం వెనక్కి జరపడమే: [[కృష్ణా నది]]కి. బ్రాకెట్ల బయట అంటుకుని ఉన్న "కి"ని కూడా సాఫ్ట్‌వేరు లింకులో కలిపేసి నీలంగా చూపిస్తుంది. తెలుగు అక్షరాలకు ఈ ఏర్పాటు ముందునుంచీ ఉంది. [[గుంటూరు]]లో, [[తిరుపతి]]నుంచి ఇవన్నీ అలాగే పనిచేస్తాయి.

అయితే అసలు మాట చివరే మారిపోయే చోట ఇది కుదరదు. "మండలం" మండలానికి అవుతుంది, "కాకతీయులు" కాకతీయుల అవుతుంది, "దేవాలయం" దేవాలయాల అవుతుంది. అక్కడ నిలువుగీత వాడాలి: [[కాకతీయులు|కాకతీయుల]] కాలంలో. గీతకు ఎడమవైపు పేజీ అసలు పేరు, కుడివైపు వాక్యంలో కనబడాల్సిన మాట. ఒక వ్యాసంలో పది ఎర్రలింకులుంటే వాటిలో మూడో నాలుగో ఇలా విభక్తి లోపల ఇరుక్కున్నవే అయి ఉంటాయి. నేను మొదట వాటినే ఏరేస్తాను. నిమిషంలో పని అయిపోతుంది, మిగిలినవాటి మీద ఆలోచించడానికి తీరిక దొరుకుతుంది.

ఇక కంటికి కనబడని రకం ఒకటుంది. షాపులో నా దగ్గర పని నేర్చుకునే డిగ్రీ కుర్రాడు ఒకసారి తల పట్టుకున్నాడు. "అక్కా, వరంగల్ అని కరెక్టుగానే కొట్టాను కదా. పేజీ కూడా ఉంది. మరి ఎర్రగా ఎందుకొస్తోంది?"

"కర్సరు ల్ పక్కన పెట్టి, బాణం మీట ఒక్కొక్కటే నొక్కు" అన్నాను.

నొక్కాడు. ఒక నొక్కుకు కర్సరు కదలలేదు. అక్కడుంది దొంగ.

యూనికోడులో (ఇప్పటి కంప్యూటర్లు వాడే అక్షరాల పద్ధతి) ఒక అక్షరం ఉంది, దానికి రూపం లేదు, వెడల్పు లేదు. పొల్లు పక్కన వచ్చే హల్లును ఒత్తుగా మారకుండా ఆపడమే దాని పని. "రాజ్‌కుమార్" అని విడిగా కనబడాలంటే జ్ తర్వాత అది ఉండాలి, లేకపోతే "రాజ్కుమార్" అయిపోతుంది. నడిమధ్యలో ఉన్నంతవరకూ దాని ప్రభావం కంటికి కనబడుతుంది కాబట్టి పట్టుకోవచ్చు. మాట చివర ఉంటేనే కష్టం. "వరంగల్‌లో" అని రాసిన చోట వెనక్కి వచ్చి "వరంగల్" వరకు బ్రాకెట్లు పెట్టేటప్పుడు ఆ కనబడని అక్షరం కూడా లోపలికి వచ్చేస్తుంది. కొన్ని పత్రికల సైట్ల నుంచి పేర్లు కాపీ చేసినా ఇదే గోల. చూడ్డానికి రెండు "వరంగల్"లూ ఒకటే, లింకుకు మాత్రం వేరు. పాత అను ఫాంట్లలో (యూనికోడు కాని డీటీపీ అక్షరాలు) పొల్లయినా ఒత్తయినా మనం చేత్తో అతికించిన బొమ్మే, కంటికి కనబడనిది ఏదీ ఉండేది కాదు. యూనికోడుకు మారిన డీటీపీ వాళ్ళందరం మొదట్లో దీంతో పరేషానయ్యాం.

దీనికి మందు: బ్రాకెట్ల లోపలున్న పేరును పూర్తిగా చెరిపేసి మళ్ళీ చేత్తో కొట్టండి. వాక్యంలో పొల్లు విడిగానే కనబడాలనుకుంటే [[వరంగల్|వరంగల్‌లో]] అని నిలువుగీతతో రాయండి. గీతకు కుడివైపు ఏముందో సాఫ్ట్‌వేరు పట్టించుకోదు.

దీనికి అన్నలాంటిది ఇంకోటి. తెలుగు అంకె సున్న (౦), పూర్ణానుస్వారం (ం) రెండూ గుండ్రాలే. కొన్ని కీబోర్డుల్లో అలవాటు పొరపాటుగా, స్కాన్ చేసిన పుస్తకాలనుంచి తీసిన పాఠంలో యంత్రం పొరపాటుగా, అనుస్వారం స్థానంలో అంకె సున్న పడుతుంది. "వర౦గల్" అని రాసి ఉంటే మనం వరంగల్ అనే చదువుతాం. బ్రౌజరులో కంట్రోల్ ఎఫ్ నొక్కి "వరంగల్" అని కొట్టి చూడండి. కళ్ళముందున్న మాటను బ్రౌజరు చూపించలేదంటే అనుమానించండి.

ఇంకో అరుదైన సంగతి, కానీ తగిలితే అరగంట తినేస్తుంది. బ్రాకెట్లు పెట్టినా లింకు ఎర్రగానూ రాదు, నీలంగానూ రాదు, బ్రాకెట్లు బ్రాకెట్లుగానే కనబడతాయి. పేజీ పేరు 255 బైట్లు దాటకూడదని వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు మీడియావికీ నియమం. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. గుర్తు అంటే గుణింతం, పొల్లు కూడా విడివిడిగా లెక్క. రెండక్షరాల "కృష్ణా"కే 18 బైట్లు అవుతాయి. అంటే మనకు మొత్తం మీద 85 గుర్తులు దాటి పేరు పెట్టే వీల్లేదు. ప్రభుత్వ పథకాలకు, విశ్వవిద్యాలయాలకు పూర్తి పేర్లు పెట్టబోతే ఇది అడ్డుకుంటుంది. అలాంటప్పుడు వాడుకలో ఉన్న చిన్న పేరుకు లింకివ్వడమే దారి.

దారిమార్పు ఎప్పుడు, ఎప్పుడు కాదు

వ్యాసం ఉంది, కానీ జనం ఇంకో పేరుతో వెతుకుతారు, రాస్తారు. అప్పుడు ప్రతి వ్యాసంలోనూ లింకు దిద్దుతూ కూర్చోనక్కర్లేదు, ఆ పేరును అసలు పేజీకి మళ్ళించే దారిమార్పు పెట్టవచ్చు. ఎర్రలింకు నొక్కి, తెరుచుకున్న పెట్టెలో #దారిమార్పు అని కొట్టి, పక్కన అసలు పేజీ పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి ప్రచురిస్తే చాలు. ఆ పేరుతో ఉన్న లింకులన్నీ ఒకేసారి నీలమవుతాయి.

మా పక్కన పాలంపేటలో ఉన్న గుడిని తీసుకోండి. రామప్ప గుడి, రామప్ప దేవాలయం, రామప్ప ఆలయం అని ఇన్నాళ్ళూ రాస్తూ వచ్చారు. 2021 జులై 25న యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో కాకతీయ రుద్రేశ్వర ఆలయంగా చేర్చాక పత్రికలు ఆ పేరు కూడా వాడడం మొదలుపెట్టాయి. ఇవన్నీ ఒకే గుడి పేర్లు. వీటన్నిటికీ దారిమార్పులు ఉండడం న్యాయం.

అదే గుడిని 1213లో కట్టించిన గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడి పేరు ఏదైనా వ్యాసంలో ఎర్రగా ఉందనుకోండి. "ఆయన గురించి గుడి వ్యాసంలో రెండు ముక్కలున్నాయి కదా" అని ఆ పేరును గుడికి దారి మళ్ళించకండి. లింకు నీలమవుతుంది, నిజమే. కానీ ఆయన మీద వ్యాసం లేదన్న సంగతి ఇక ఎవరికీ తెలియదు. కాకతీయుల చరిత్ర తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చినా, నీలంగా ఉంది కాబట్టి ఎవరో రాసేశారనుకుని దాటిపోతారు. పైగా గుడి వ్యాసంలోనే ఆయన పేరుకు లింకు ఉంటే, నొక్కినవాళ్ళు తిరిగి అదే పేజీకి వచ్చి పడతారు. నా లెక్కలో ఒక వస్తువుకున్న రెండో పేరుకే దారిమార్పు. రెండో వస్తువుకు కాదు. వ్యాసంలో ఆ విషయం మీద ప్రత్యేకంగా ఒక విభాగం, నాలుగైదు పేరాలు ఉంటే ఆ విభాగానికి దారి మళ్ళించడం ఒప్పుకోవచ్చు.

నీలంగా ఉన్న తప్పు

ఎర్రలింకుల గురించి రాస్తూ నీలం లింకుల సంగతెందుకంటారేమో. ఎర్రగా ఉన్నది కనీసం తనకు పేజీ లేదని ఒప్పుకుంటుంది. తప్పు పేజీకి పోయే నీలం లింకు నమ్మకంగా అబద్ధం చెబుతుంది. ఎర్రలింకు కనబడకూడదన్న ఆత్రంలో దగ్గరగా ఉన్న ఏదో పేజీకి లింకు తగిలించేవాళ్ళున్నారు కాబట్టే ఇది ఇక్కడ చెప్పాల్సి వస్తోంది.

[[కృష్ణ]] అని రాస్తే అది ఎవరు? దేవుడా, నదా, జిల్లానా, సినిమా నటుడు ఘట్టమనేని కృష్ణా? ఊళ్ళ పేర్లయితే చెప్పనే అక్కర్లేదు. రామాపురం, కొత్తపల్లి, గోపాలపురం, లింగాపురం పేర్లతో రెండు రాష్ట్రాల్లో ఎన్ని గ్రామాలున్నాయో. ఎవరో స్వాతంత్ర్య సమరయోధుడి వ్యాసంలో "స్వగ్రామం రామాపురం" అని నీలంగా ఉంటే నొక్కి చూడండి, ఏ జిల్లాకు పోతుందో. సరైన ఊరికి పేజీ లేకపోతే, మండలం పేరు బ్రాకెట్లలో చేర్చి ఎర్రలింకుగా మార్చండి. ఊరి పేరు పక్కన మండలం పేరు పెట్టడం తెలుగు వికీలో ఉన్న పద్ధతే. మీరు చేసిన మార్పు వల్ల పేజీలో ఎరుపు పెరిగింది కదా అని ఎవరైనా అడిగితే, నిజం పెరిగిందని చెప్పండి.

మా జిల్లా కథ ఇంకా చిక్కు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ అని విడగొట్టారు. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగును వేరు చేశారు. 2021 ఆగస్టులో అర్బన్ కాస్తా హనుమకొండ జిల్లా అయింది, రూరల్ కాస్తా వరంగల్ జిల్లా అయింది. ఇప్పుడు "వరంగల్ జిల్లా" అన్న మాట 2010లో రాసిన వాక్యంలో ఒక ప్రాంతం, 2022లో రాసిన వాక్యంలో ఇంకో ప్రాంతం. మధ్యలో ఐదేళ్ళు అసలు ఆ పేరుతో జిల్లాయే లేదు. పాలంపేటనే చూడండి. మొదట వరంగల్, తర్వాత భూపాలపల్లి, ఇప్పుడు ములుగు. ఎవరూ ముట్టుకోని పాత వాక్యంలో "వరంగల్ జిల్లా పాలంపేట" అని నీలంగా మెరుస్తూ ఉంటుంది, నొక్కితే ఆ ఊరు లేని జిల్లాకు పోతారు.

ఇలాంటివి దిద్దేటప్పుడు వాక్యం ఏ కాలం గురించి మాట్లాడుతోందో చూసుకోవాలి. ఊరు ఇప్పుడెక్కడుందో చెప్పే వాక్యమైతే నేటి జిల్లాకు లింకివ్వండి. ఫలానా వ్యక్తి 1914లో ఫలానా చోట పుట్టాడని చెప్పే వాక్యమైతే కనబడే మాటను పాతదే ఉంచండి, అవసరమైతే పక్కన "నేటి ములుగు జిల్లా" అని చేర్చి దానికి లింకివ్వండి. ఆంధ్రప్రదేశ్ వాళ్ళకు 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు ఇదే పని మీద పడింది. వేలల్లో ఉన్న గ్రామాల పేజీలకు బాట్లు (తమంతట తామే దిద్దే ప్రోగ్రాములు) సాయం చేస్తాయి కానీ, వ్యక్తుల వ్యాసాల్లోని వాక్యాలు మనిషి చదివి దిద్దాల్సిందే.

ఏది ఉంచాలి, ఏది తీయాలి

వెతికారు, ఇంకో పేరుతో కూడా వ్యాసం లేదు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీని మీద ఎప్పటికైనా వ్యాసం రావాల్సిందేనా? తెలుగు వికీలో దీన్ని విషయ ప్రాముఖ్యత అంటారు. ఆ విషయం మీద పుస్తకాల్లో, పత్రికల్లో, సంబంధం లేని వాళ్ళు కాస్త విపులంగా రాసి ఉండాలి. శాసనసభ్యులుగా పనిచేసినవాళ్ళు, మండలాలు, గ్రామాలు, పేరున్న గుళ్ళు, నదులు, పాత పత్రికలు, సాహిత్య పురస్కారాలు ఇవన్నీ ఎర్రగా ఉన్నా సరే ఉంచండి. ఆ ఎరుపు చూసే ఎవరో ఒకరు రాస్తారు. ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2008లో ఏథెన్సుకు చెందిన ఇద్దరు పరిశోధకులు, స్పినెల్లిస్, లౌరిడాస్, ఇంగ్లీషు వికీపీడియా చరిత్రను లెక్కకట్టి, కొత్త వ్యాసాల్లో ఎక్కువ భాగం వాటికి ఎక్కడో మొదటి లింకు పడిన కొద్దికాలానికే పుడుతున్నాయని తేల్చారు. లేని పేజీకి లింకు వేయడం ఆ విజ్ఞానసర్వస్వం పెరగడానికి ఒక కారణమన్నమాట.

తీసేయాల్సినవి ఇవి. గ్రామం పేజీల్లో ప్రస్తుత సర్పంచి, బడి హెడ్మాస్టరు, గుడికి గంట ఇచ్చిన దాత, ఊళ్ళో మొదట డాక్టరు చదివిన అమ్మాయి పేర్లకు వేసిన లింకులు. వాళ్ళు గొప్పవాళ్ళు కాదని కాదు, వాళ్ళ మీద విజ్ఞానసర్వస్వ వ్యాసం రాదు, రానక్కర్లేదు. పేరు ఉంచి బ్రాకెట్లు మాత్రం తీయండి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మనవాళ్ళ పేర్లు ఎంత మామూలువో తెలుసు కదా. ఈరోజు ఎర్రగా ఉన్న ఒక శ్రీనివాసరావు, రేపు అదే పేరున్న నటుడి మీదో నేరస్థుడి మీదో ఎవరైనా వ్యాసం రాయగానే నీలమవుతాడు. బడి హెడ్మాస్టరు పేరు నొక్కితే ఎవరి పేజీయో తెరుచుకుంటుంది. బతికున్న మనుషుల విషయంలో ఈ ఒక్క కారణం చాలు, లింకు వేసేముందు రెండుసార్లు ఆలోచించడానికి.

"ఇవి కూడా చూడండి" విభాగంలో ఎర్రలింకులు వద్దు. చూడమని చెప్పి, చూడ్డానికి ఏమీ లేని చోటికి పంపడమేంటి? అయోమయ నివృత్తి పేజీల్లో (ఒకే పేరున్న వేర్వేరు వ్యాసాల జాబితాలు) మాత్రం ఉండవచ్చు, కానీ అదే వరుసలో పాఠకుడు వెళ్ళడానికి ఒక నీలం లింకు కూడా ఉండాలి. ఊరి పేరు ఎర్రగా ఉంటే పక్కన మండలం నీలంగా ఉందో లేదో చూసుకోండి.

ఎర్రలింకు తప్పించడానికి ఇంకో అడ్డదారి ఉంది, తెలుగు వాక్యంలోంచి నేరుగా ఇంగ్లీషు వికీ పేజీకి లింకివ్వడం. పాఠకుడికి సమాచారం దొరుకుతుంది కదా అని వాదిస్తారు. నాకు నచ్చదు. తెలుగు చదవడానికి వచ్చిన మనిషిని చెప్పాపెట్టకుండా ఇంగ్లీషు పేజీలో దించడం మర్యాద కాదు. పైగా ఆ పేజీ తెలుగులో లేదన్న గుర్తు చెరిగిపోతుంది, రేపు తెలుగులో వ్యాసం వచ్చినా ఈ లింకు ఇంగ్లీషుకే పోతూ ఉంటుంది. అనువాద పరికరంతో వ్యాసాలు తెచ్చేవాళ్ళకు ఒక మాట: తెలుగులో పేజీ లేని లింకులను పరికరం మామూలుగా వదిలేస్తుంది. ముఖ్యమైనవాటిని ఎంచుకుని లేనివిగా గుర్తించమని చెబితేనే ఎర్రలింకుగా వస్తాయి. అన్నిటికీ చెప్పకండి. ఇంగ్లీషు వ్యాసంలో అమెరికా కౌంటీల పేర్లకున్న లింకులన్నీ మనకు ఎర్రగా అవసరం లేదు.

వర్గాలు (ఒకే రకం వ్యాసాలను ఒకచోట చేర్చేవి), మూసలు (ఒకసారి రాసి చాలా పేజీల్లో చూపించే ముక్కలు), బొమ్మలు కూడా ఎర్రబడతాయి. వాటి కథ వేరే. ఎర్ర వర్గానికి దాదాపు ఎప్పుడూ ఇంచుమించు అదే పేరుతో నీలం వర్గం ఉండే ఉంటుంది, వెతికి మార్చండి. ఎర్ర మూస అంటే ఇంగ్లీషు నుంచి తెచ్చినప్పుడు మూసను తేలేదని, తీసేయండి లేదా మూసలు తెలిసినవాళ్ళను రచ్చబండలో (అందరి చర్చలు జరిగే పేజీ) అడగండి. ఎర్ర బొమ్మ అంటే సాధారణంగా వికీలన్నిటికీ ఉమ్మడి బొమ్మల నిల్వ అయిన కామన్స్‌లో తొలగించినదే, ఆ వరుస మొత్తం తీసేయవచ్చు.

రాయాలనుకుంటే

ఎర్రలింకును నీలం చేయడం కోసమే ఒక్క వాక్యం పెట్టి పోవడం మహా పాపం. "ఫలానా ఆయన ఒక ప్రముఖ తెలుగు కవి." అంతే, పేజీ అయిపోయింది. ఎరుపు పోయింది, ఎవరైనా రాయాలన్న పురుగు కూడా పోయింది. మొలక (చిన్న వ్యాసం) అయినా సరే, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు చెప్పుకోదగ్గవాడు అన్నవి ఉండాలి, ఒకటి రెండు మూలాలుండాలి, వర్గం ఉండాలి.

ప్రచురించేముందు మళ్ళీ "ఇక్కడికి లింకున్న పేజీలు" చూడండి. మీరు పెట్టబోయే పేరు ఒక రకం, ఇన్నాళ్ళూ జనం వేసిన లింకులు ఇంకో రకం అయితే, మీరు రాసిన వ్యాసానికి ఒక్క లింకూ ఉండదు, పాత లింకులు ఎర్రగానే ఉంటాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు అని మీరు విడిగా రాసి, మిగతావాళ్ళు వెంకటస్వామినాయుడు అని కలిపి రాసి ఉంటే ఇదే జరుగుతుంది. ఏ పేరు సరైనదో దానితో పేజీ పెట్టి, మిగతా పేర్లకు దారిమార్పులు వేయండి. వికీడేటాలో మిగతా భాషల పేజీలతో కలపడం కూడా అప్పుడే చేసేయండి, తర్వాత అంటే ఎవరూ చేయరు.

ఏది ముందు రాయాలో తెలియనివాళ్ళకు ప్రత్యేక పేజీల్లో "కోరిన పేజీలు" అనే జాబితా ఉంటుంది. ఎక్కువ లింకులున్న లేని పేజీలు పైన వస్తాయి. దాన్ని అలాగే నమ్మేయకండి. ఒక మండలంలోని గ్రామాల పేర్లన్నీ ఉన్న మూసను ఆ మండలంలోని ప్రతి గ్రామం పేజీ కిందా పెడతాం. ఆ మూసలో ఒక్క పేరు అక్షరదోషంతో ఎర్రగా ఉంటే, ఇరవై గ్రామాల పేజీల నుంచి ఇరవై లింకులున్నట్టు లెక్కకొస్తుంది. నిజంగా ఇరవైమంది అడిగింది కాదు అది. మూసలో ఒక్కచోట దిద్దితే ఇరవైకి ఇరవై పోతాయి, కాకపోతే ఆ జాబితా అప్పటికప్పుడు మారదు, అప్పుడప్పుడూ మాత్రమే తాజా అవుతుంది. దిద్దాక కూడా కనబడుతోందని మళ్ళీ మళ్ళీ దిద్దకండి.

నేను ఏరిపెట్టిన పేర్లను నా వాడుకరి పేజీ కింద ఒక ఉపపేజీలో లింకులుగా రాసి పెట్టుకుంటాను. ఎవరైనా రాసిన రోజు ఆ పేరు దానంతటదే నీలమవుతుంది, టిక్కు పెట్టే పని లేదు. మీరూ అలా పెట్టుకునేటట్టయితే గుర్తుంచుకోండి, మీ జాబితా నుంచి ఉన్న లింకు కూడా "ఇక్కడికి లింకున్న పేజీలు"లో ఒకటిగా కనబడుతుంది. లెక్క చూసేటప్పుడు దాన్ని తీసేయండి, లేదా అదే పేజీలో పైనున్న పేరుబరి (పేజీ రకం) పెట్టెలో వ్యాసాలను మాత్రమే ఎంచుకోండి.